గుండె ఆగిందట

శ్రీకర్‌ది గుండెపోటు కాదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే విదేశంలో, పాయింట్ కుక్ అనే పేటలో ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో గుండెపోటనే వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకాయనైతే కొలెస్టరాల్ మీద వీడియో కూడా పెట్టాడు. ముప్ఫై ఆరేళ్ల మనిషి, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, గుండె గట్టిదే. పాడైంది నడుము.

రెండేళ్ల కిందట ఒక పెట్టె ఎత్తబోతే నడుం పట్టేసింది. డిస్క్ జారిందన్నారు. డాక్టరు నొప్పి బిళ్లలు రాశాడు. ఇంట్లో వాటిని నడుం బిళ్లలు అనేవాళ్లు. కొన్నాళ్లకు నొప్పి తగ్గింది గానీ బిళ్ల తగ్గలేదు. బిళ్ల పడని రోజు చెమటలు, వణుకు, పిల్ల నవ్వినా చిరాకు. ఒకనాడు డాక్టరు ఇక చాలని ఆపేశాడు. ఆపేశాక ఆ మనిషి ఏమయ్యాడో చూడ్డానికి ఎవరూ ఇంటికి రారు గదా. గోదాములో ఒకడు అలాంటి బిళ్లలే అమ్మేవాడు. పైకి అదే రంగు, అదే ముద్ర. లోపల ఏముందో అమ్మినవాడికే తెలీదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అతని భార్య వైశాలి, కూతురు అమ్ములుని ఈత క్లాసుకి తీసుకెళ్లింది. ఇంట్లో ఉన్నది శ్రీకర్ తల్లి శ్యామసుందరి ఒక్కతే. చీరాల నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉంటోంది. కొడుక్కి ఇష్టమని గారెలు వండింది. అతను తిని, సోఫాలో వాలాడు. వారం నుంచి కునుకు లేని కొడుకు కాసేపటికే గురక మొదలెట్టాడు. మామూలు గురక కాదు, గొంతులో నీళ్లు సుళ్లు తిరుగుతున్నట్టు. ఆవిడ టీవీ ఆపింది. కిటికీ తెర దించింది. వైశాలి ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడింది.

"పడుకున్నాడే. మంచి నిద్ర పట్టింది బిడ్డకి. ఎట్టా గుర్రుపెడుతున్నాడో విను."

ఫోన్ కొడుకు మొహం దగ్గర పెట్టి వినిపించింది కూడా.

"సరే అత్తయ్యా," అంది వైశాలి. దారిలో పాలు, రొట్టె కొనుక్కుని నిమ్మళంగా వచ్చింది.

వచ్చేసరికి గురక లేదు. శ్యామసుందరి గుమ్మం దగ్గరే పెదాల మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చింది. "చప్పుడు చెయ్యబాకండి. ఇప్పుడు గాఢంగా పట్టింది."

అంబులెన్స్ వాళ్లు అతన్ని సోఫా మీంచి నేల మీదకి దించి చాలాసేపు పెనుగులాడారు. ముక్కులో ఏదో మందు కొట్టారు. ఛాతీ మీద నొక్కారు. చివరికి వాళ్లలో పెద్దావిడ లేచి, వైశాలిని పక్కకి తీసుకెళ్లింది. ఏం బిళ్లలు వేసుకుంటాడు? గురక పెట్టాడా? ఎప్పుడు మొదలైంది? వైశాలి చెప్పింది. ఆవిడ మెల్లగా మాట్లాడింది. అది నిద్ర గురక కాదు. ఆ రకం మందు ఎక్కువైతే ఊపిరి మందగించి, గొంతు వదులై, ఆ చప్పుడు వస్తుంది. చాలామంది ఇళ్లలో ఇలాగే నిద్రనుకుంటారు. అప్పుడే మాకు ఫోన్ చేసి ఉంటే బహుశా...

ఇంగ్లీషులో జరిగిందిదంతా. శ్యామసుందరి ఇద్దరి నోళ్ల వంకా చూస్తోంది.

"ఏమంటందే ఆమె?"

ఆ క్షణాన వైశాలికి ఒక్క మాటే దొరికింది.

"గుండె ఆగిపోయిందట అత్తయ్యా."

అబద్ధమేమీ కాదు. ఎవరు ఎలా పోయినా చివరికి ఆగేది గుండే. తెలుగు సంఘం పెద్ద చలపతి అంకుల్ ఆ మాట విని, దాన్ని ఇంగ్లీషు చేసి, హార్ట్ ఎటాక్ అని గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణుంచి అది అందరి నోళ్లలో గుండెపోటై తిరిగొచ్చింది. మనవాళ్లకి చచ్చినా పరువైన జబ్బుతోనే చావాలి.

పోస్టుమార్టం అయింది. దహనం అయింది. ఆ రోజు వైశాలి వెంకీని చూసింది. వెంకీ వరంగల్ వాడు. శ్రీకర్‌తో కలిసి చదువుకని వచ్చాడు, కలిసి ఒక గదిలో నేల మీద పడుకున్నాడు, ఇప్పుడు అదే గోదాములో పనిచేస్తున్నాడు. పెళ్లి కాలేదు, ఒక్కడే ఉంటాడు. దహనం చేసే చోట హాల్లో చీకటిగా ఉంది. అయినా వెంకీ కంటిపాపలు గసగసాల గింజలంత చిన్నవై ఉన్నాయి. శ్రీకర్ కళ్లు రెండేళ్లు అలాగే చూసింది వైశాలి. అప్పుడు అర్థం కాలేదు.

"నువ్వూ అవే వేసుకుంటున్నావు గదా," అంది బయటికొచ్చాక.

"గట్లెందుకు అడుగుతున్నవ్ వదినా."

"అడిగినదానికి చెప్పు."

"ఒకటో రెండో. పెట్టెలు మోసి మోసి భుజం పోయింది నాది. మానేస్త."

"ఒక్కడివే ఉంటావు. నీకేమన్నా అయితే వినేవాళ్లు కూడా లేరు."

"మానేస్త అన్న గదా వదినా."

శ్రీకర్ కూడా ఎప్పుడూ అదే అనేవాడు.

ఇంట్లో ఇంకో చిక్కు మొదలైంది. గుండె అనేసరికి శ్యామసుందరికి నూనె గుర్తొచ్చింది. ఆ కొలెస్టరాల్ వీడియోని చీరాల నుంచి ఎవరో దయగల బంధువు ఆవిడకి పంపాడు. అది చూసిన దగ్గర్నుంచి ఆవిడ వండటం మానేసింది. నూనె సీసాలన్నీ సింకులో ఒంపేసింది. తను తాగేది ఉప్పు జావ, అంతే. కూర్చున్నచోట కూర్చుని అరచేతులు చూసుకునేది.

"నా చేత్తో నేనే నూనెలో ముంచి తీసి పెట్టా. చాలమ్మా అంటున్నా ఇంకోటి వేశా."

అమ్ములు రొట్టెకి ఏదో రాసుకుంటుంటే వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"నాన్నమ్మా, ఇట్స్ ఓన్లీ పీనట్ బటర్."

"బటరే గదంటే. మీ నాయన్ని తిన్నది అదే."

పిల్ల తల్లి వెనక్కి వెళ్లి నక్కింది. "మమ్మీ, డిడ్ నాన్నమ్మ కిల్ డాడీ?"

ఏడేళ్ల పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది ఇంగ్లీషు. వైశాలి ఆ రోజంతా ఆ మాట మోసుకుని తిరిగింది. తను దయతలచి చెప్పిన ఒక్క మాట ఇంట్లో ఏం చేస్తోందో అప్పుడు కనిపించింది. తల్లి, కొడుకుని గారెలు పెట్టి చంపాననుకుంటోంది. మనవరాలు కూడా అదే అనుకోబోతోంది.

పెద్దకర్మకి ముందు చలపతి అంకుల్ వచ్చాడు. ఆయన్ని తిట్టుకోవడం తేలిక గానీ, ఆ వారం కాగితాల పనంతా చేసింది ఆయనే. పంతుల్ని మాట్లాడింది, హాలు తీసుకుంది, వంటవాళ్లని కుదిర్చింది ఆయనే. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా మాటలో కాకినాడ పోలేదు.

"శనివారం కార్యక్రమం అయ్యాకా, నేనో నాలుగు మాటలు చెప్తానమ్మా. తర్వాత నువ్వో రెండు ముక్కలు చెప్పు. మంచోడు, కష్టజీవి. చాలు."

"ఎలా పోయాడో చెప్తాను అంకుల్."

"ఏం చెప్తావమ్మా?"

"బిళ్లలు మింగి పోయాడని."

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాటిని డ్రగ్స్ అంటారమ్మా. అసలే నోళ్లు మంచివి కావు. రేపు పిల్లదానికి సంబంధాలు చూడాలా వద్దా?"

"దానికి ఏడేళ్లు అంకుల్."

"ఏడు ఇరవయ్యేడు అవ్వడానికి ఎంతసేపమ్మా. మా అమ్మాయిది నిన్నగాక మొన్న బారసాలైనట్టుంది, మొన్న విడాకులు కూడా అయిపోయాయి."

వైశాలికి నవ్వొచ్చింది. పదిరోజుల తర్వాత వచ్చిన నవ్వు, వెంటనే సిగ్గేసింది.

"మనం మాట దాచుకుంటే సరుకు రావడం ఆగుద్దా అంకుల్? వెంకీ అవే మింగుతున్నాడు. వాడొక్కడే అని నమ్మకం లేదు. ఆ హాల్లో కూర్చునేవాళ్లలో ఎంతమందికి నడుం నొప్పులు, మోకాళ్ల నొప్పులు. ఎవరి సొరుగులో ఏముందో."

"వెంకీని విడిగా పిలిచి నేను మందలిస్తాను."

"నేను మందలించాను. మానేస్తానన్నాడు. ఒక్కడి చెవిలో చెప్తే ఒక్కడే అబద్ధమాడతాడు. పక్కవాళ్లకి తెలియాలి. బిళ్ల ఎక్కువైతే వచ్చే గురక వినేది పక్కవాళ్లు."

చలపతి అంకుల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గురక విన్నది ఆవిడేనమ్మా, నాతోనే చెప్పుకుంది. నువ్వక్కడ నిలబడి గురక అంటే నిద్ర కాదు, చావని చెప్పావనుకో, ఆ తల్లి ముందు వరసలో కూర్చుని వినాలి. గారెల వల్ల పోయాడనుకుంటే కుమిలి కుమిలి ఏదో నాటికి సర్దుకుంటాది. ఇది సర్దుకునేదేనా?"

వెంకీ బతకాలంటే చెప్పాలి. చెబితే ఈవిడ బతకదేమో. అదీ లెక్క. ఆయన వెళ్లిపోయాక గిన్నెలు కడుగుతూ ఒకటి నిశ్చయించుకుంది. చెప్పేదేదో హాల్లో నలుగురి ముందు కాదు, ముందు ఇంట్లో చెప్పాలి.

శుక్రవారం పొద్దున అమ్ములుని స్కూల్లో దింపి వచ్చింది. శ్యామసుందరి జావ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

"గారెల వల్ల కాదు అత్తయ్యా."

"నన్ను ఊరడించబాక."

"ఊరడించట్లేదు. ఆయన పోయింది నడుం బిళ్లల వల్ల."

"నొప్పి బిళ్ల మనిషిని చంపుద్దా? డాక్టరేగా ఇచ్చింది."

వైశాలికి ఇప్పుడు మాట కావాలి. ఓపియాయిడ్ అంటే ఆవిడకి ఒక కంపెనీ పేరులా ఉంటుంది. ఓవర్‌డోస్ అంటే ఎక్కువేసుకున్నాడు పాపం అనుకుంటుంది. కాగితాల్లో, డబ్బాల మీద, డాక్టరు నోట్లో రెండేళ్లు తిరిగిన మాటలన్నీ ఇంగ్లీషువే. వాటిలో ఏదీ భయపెట్టే మాట కాదు. తనకీ భయం వేయలేదు అందుకే. పదిరోజులుగా ఫోన్లో చదువుతుంటే ఒకచోట తెలుగు మాట తగిలింది. చిన్నప్పుడెప్పుడో విన్నది.

"నల్లమందు అత్తయ్యా. ఆ బిళ్లల్లో ఉండేది నల్లమందు జాతిదే."

శ్యామసుందరి గ్లాసు కింద పెట్టింది.

"నల్లమందా."

"ఊఁ."

"మా నాయనమ్మ చెప్పేది," అంది ఆవిడ, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు. "వాళ్ల కాలంలో నాట్లకి పోయే ఆడోళ్లు చంటిపిల్లలకి రవ్వంత నాకించి గట్టు మీద పడుకోబెట్టేవాళ్లంట. ఏడిస్తే పనికి అడ్డమని. ఒక్కో పిల్ల లేచేది కాదంట. అందుకని నాట్లేస్తానే చెవి గట్టు మీద పెట్టుకుని ఉండేవాళ్లంట. పిల్ల గుర్రుపెడితే చాలు, బురదకాళ్లతో పరిగెత్తుకొచ్చి చెంపలు వాయించి..."

ఆగిపోయింది.

వైశాలి గురక మాట ఎత్తనే లేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. నాయనమ్మ చెప్పిన కథలో ఆ ముక్క దాకా నడుచుకుంటూ తనే వచ్చింది ఆవిడ. వచ్చి అక్కడ నిలబడిపోయింది.

"వాడు గుర్రుపెట్టాడు," అంది. "నేను తెర దించా."

"నేనే గదా అత్తయ్యా లేపకండి అన్నది. ఫోన్లో. గుర్తు లేదా మీకు? పాపం లేపకండి అన్నాను."

శ్యామసుందరి కోడలి మొహంలోకి చూసింది.

"నువ్వు సరే అన్నావు. అంతే అన్నావు."

బయట పక్కింటివాళ్ల గడ్డి మిషను మోగుతోంది.

"రెండేళ్లు మింగాడు," అంది శ్యామసుందరి. "నెలకోసారి వీడియోలో అడుగుతానే ఉన్నా, ఏం బిళ్లలురా అయ్యి అని. నొప్పి బిళ్లలమ్మా అన్నాడు. ఇక్కడికొచ్చాక నేనే మంచినీళ్లు అందించా. ఇది నల్లమందని ఒక్కరన్నా నాతో అనలేదే. అంటే నాకు తెలుసు గదంటే. అదొక్కటి నాకు తెలుసు గదంటే."

ఈ మాటకి జవాబు చెప్పాల్సినవాళ్లు ఆ గదిలో లేరు. బిళ్ల రాసినవాళ్లు, అమ్మినవాళ్లు, డబ్బా మీద చీటీ అంటించినవాళ్లు ఎవరూ లేరు. వైశాలి ఒక్కతే ఉంది.

శనివారం హాలు నిండింది. పంతులుగారు తంతు ముగించాడు. శ్రీకర్ ఫొటోకి దండ. చలపతి అంకుల్ లేచి మంచోడు, కష్టజీవి అన్నాడు. చిన్న వయసులో హఠాత్తుగా అన్నాడు, అంతకుమించి వెళ్లలేదు. గుండె అనే మాట మింగేశాడు. అది ఆయన చేసిన సాయం.

వైశాలి మైకు దగ్గరికి వెళ్లింది. రాత్రంతా ఆలోచించుకున్న మాటలివి. నిజం చెప్పాలి, అత్తగారి మీద పడకుండా చెప్పాలి.

"మా ఆయనది గుండెపోటు కాదు. నొప్పి బిళ్లలకి అలవాటు పడ్డాడు. డాక్టరు ఆపేస్తే బయట కొన్నాడు. అందులో ఏం కలిసిందో తెలీదు. దాన్ని డ్రగ్స్ అనుకుంటారో, మందులనుకుంటారో మీ ఇష్టం. ఆ ఆదివారం సోఫాలో గురక పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. మంచి నిద్ర అనుకున్నాను. తెర దించింది నేనే. లేపనిది నేనే."

"అది నేను," అంది ముందు వరసలోంచి శ్యామసుందరి.

పెద్ద గొంతేమీ కాదు. కానీ అందరికీ వినపడింది. లేవలేదు కూడా, కూర్చునే మాట్లాడింది.

"నన్ను కాయాలని కోడలు తన మీదేసుకుంటంది. అది అప్పుడు పిల్లతో ఈత కాడ ఉంది. తెర దించింది నేను. టీవీ ఆపింది నేను. కన్నతల్లిని. నాకు తెలీదు. ఇక్కడ ఇంతమంది చదువుకున్నోళ్లున్నారే, మీకెవరికన్నా తెలుసా? తెలిస్తే చెప్పండి."

ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు.

"అది నల్లమందంట. మీ ఇళ్లల్లో అయ్యి మింగేవాళ్లుంటే, గుర్రుపెడితే, నిద్రపోనియ్యబాకండి. చెంప పగలగొట్టండి. పలక్కపోతే ఫోన్ చెయ్యండి."

తర్వాత వైశాలి తను తెచ్చిన డబ్బాలు చూపించింది. ముక్కులో కొట్టే మందు, ఆ బిళ్లల మత్తుకి విరుగుడు. ఇక్కడ చాలా ఫార్మసీల్లో అడిగితే డాక్టరు చీటీ లేకుండా ఊరికే ఇస్తారు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు కొట్టాలి. డబ్బాలు టీ బల్ల మీద పెట్టింది. అందరూ ఆ బల్లకి కొంచెం దూరంగా నిలబడి టీ తాగారు. "తీసుకుంటే మనింట్లోనూ ఉందనుకుంటారు," అని ఒకావిడ మొగుడి మోచెయ్యి లాగడం వైశాలి చూసింది. అయినా భోజనాలయ్యేసరికి రెండు డబ్బాలు లేవు. ఎవరు తీసుకున్నారో ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి గుండెపోటన్న గ్రూపులోనే కొత్త మాట వచ్చింది. తల్లి పక్కనే ఉండి లేపలేదట. దాని కింద కూడా చేతులు జోడించిన బొమ్మలే. వైశాలి ఆ గ్రూపులోంచి బయటికొచ్చింది.

వెంకీ హాల్లో చివరిదాకా ఉన్నాడు. అన్నం తినలేదు. కారు దగ్గర శ్యామసుందరి అతన్ని పిలిచింది.

"ఏరా, నువ్వూ మింగుతున్నావంటగా."

వెంకీ నేల చూశాడు. "ఆ బిళ్లలు అమ్మేటోన్ని శ్రీకర్‌కు చూపించింది నేనే అమ్మా."

ఆవిడ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాడు వెంకీ, తప్పుకోలేదు. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి కారు తలుపు మీద వాలింది.

"బట్టలు తెచ్చుకో. మా ఇంట్లో పడుకో."

క్షమించిందని కాదు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు.

వెంకీ ఒక సంచీతో వచ్చాడు. వైశాలి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మెల్లగా మాన్పించే మందు మొదలెట్టారు. కొన్నాళ్లు నిలబడతాడు, ఒకరోజు జారతాడు, మళ్లీ వెళ్తాడు. తెల్లారకముందే షిఫ్టు కాబట్టి మధ్యాహ్నాలు ముందు గదిలో పడుకుంటాడు. శ్యామసుందరి కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటుంది. తెర దించనివ్వదు. కాసేపటికోసారి పిలుస్తుంది.

"వెంకీ."

"ఆఁ."

మళ్లీ కాసేపటికి, "వెంకీ."

"సచ్చిపోలే అమ్మా, ఉన్న. జర పండనియ్యవా. నీకంటే మా సూపర్‌వైజరే నయం, వాడు గంటకోసారే పిలుస్తడు."

"పలికావుగా. పడుకో."

ఆవిడ వీసా గడువు దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, వైశాలి ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు గదిలోంచి పిలుపు వినిపించింది. వెంకీ ఆఁ అన్నాడు, అటు తిరిగి పడుకున్నాడు. శ్యామసుందరి లేచి వంటింట్లోకి వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"వాణ్ణి పిలిచి ఉంటే పలికేవాడంటావా?"

లేదు అత్తయ్యా, అప్పటికే అయిపోయింది అనొచ్చు. ఎవరైనా అదే అంటారు. వైశాలి నోటిదాకా వచ్చింది కూడా ఆ మాట. గుండె ఆగిపోయిందట అని చెప్పిన రోజు కూడా ఇలాగే ఆవిడ మొహం చూసే చెప్పింది.

"తెలీదు అత్తయ్యా," అంది. "పలికేవాడేమో."

శ్యామసుందరి తలూపింది. అక్కడే, స్టవ్ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది. ముందు గదిలో పడుకున్నవాడు ఎక్కడ లేస్తాడోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.